జానెడు లోపల

నా పేరు సులోచన.
నగరి బళ్ళో హాజరు పిలిచినప్పుడల్లా
వెనక బెంచీ నవ్వేది,
సులోచనకి సులోచనాలు! సులోచనకి సులోచనాలు!
అప్పుడు మైనస్ రెండు.
ఇప్పుడు నలభై రెండేళ్ళు, మైనస్ ఆరున్నర.

టీ నగర్‌లో చీరల కొట్ల వెనక సందులో
మెట్ల కింద నా చోటు.
ఒక స్టూలు, ఒక ట్యూబులైటు, దారాల డబ్బా.
మేకుకి తగిలి చిరిగిన కంచి పట్టు,
ఎలుక కొరికిన పెళ్ళి చీర,
ఇస్త్రీ పెట్టె తిన్న కొంగు
నా ఒళ్ళోకి వస్తాయి.
కళ్ళద్దాలు తీసి పక్కన పెడతాను.
బట్టని ముక్కు దాకా తెచ్చుకుంటాను.
పడుగూ పేకా విడివిడిగా లేచి నిలబడతాయి
పిలిస్తే పలికేటంత దగ్గర్లో.
భూతద్దం ఏదమ్మా అంటారు కొత్తవాళ్ళు.

పోయిన ఆడి తగ్గింపుల్లో
మాంబళం స్టేషన్లో ఎవరి మోచెయ్యో తగిలింది.
అద్దాలు పడ్డాయి. వంద కాళ్ళు.
నాకు చప్పుడొక్కటే తెలిసింది,
అప్పడం విరిగినట్టు.
తాంబరం బండేదో బీచ్ బండేదో తెలియక
ఒక కాలేజీ పిల్లాడి చెయ్యి పట్టుకున్నాను.
గుడ్డిదాన్ననుకుని సీటిచ్చారు.
కూర్చున్నాను కూడా.
సిగ్గు మర్నాడు వచ్చింది.

మా ఆడపడుచు కొడుకు చేయించుకున్నాడు.
పది నిమిషాలత్తా, చీమ కుట్టినట్టు కూడా లేదు,
లేచి గోడ గడియారం చూసి ఏడ్చానన్నాడు.
ఆరు నెలలైనా వాడి జేబులో చుక్కల మందుంది.
అడిగితే చెప్పాడు.

ఎగ్మూరు ఆసుపత్రిలో
గడ్డం నిలిపి, నుదురు ఆనించి
రంగురంగుల వలయాలు చూశాను.
నల్లగుడ్డు మీది పొర మందం బాగుందట.
మంచి నేతన్నమాట, అనుకున్నాను.
డాక్టరమ్మ మెహరున్నీసా తొందర లేని మనిషి.
చెయ్యొచ్చు, అంది.
చెయ్యొచ్చు వేరు, చెయ్యాలి వేరు, అని కూడా అంది.
ఇంతకీ మీరేం పని చేస్తారు?

చెప్పాను.
కాసేపు ఏమీ మాట్లాడలేదు.
ఇనప కళ్ళజోడులో గాజుబిళ్ళలు బిగించి
నా ముక్కు మీద పెట్టింది.
ఆపరేషన్ అయ్యాక చూపు ఇలా ఉంటుంది,
మీ సూది తీయండి.

సూదికి బెజ్జం లేదు.
పట్టు పోగు పొగైపోయింది.
చెయ్యి చాచాను, ఇంకా చాచాను,
మోచేతి అవతల పోగు తిరిగొచ్చింది
గానీ సన్నగా, పరాయిదానిలా.

దగ్గరికి వేరే అద్దాలు కావాలి, నలభై దాటారు కదా, అంది.
లేదంటే ఒక కన్ను దూరానికి,
ఒక కన్ను దగ్గరికి వదలొచ్చు.
కొందరికి కుదురుతుంది, కొందరికి తల తిరుగుతుంది.
రెండు కళ్ళకి రెండు కాపురాలు.
నవ్వొచ్చింది నాకు. ఆమెకి రాలేదు.

జానెడు పొట్ట అంటారు.
నా పొట్టకి కావలసిన చూపు
ఆ జానెడు లోపలే ఉంది.
బళ్ళో నవ్వించిన లోపమే
ఇరవయ్యేళ్ళుగా అద్దె కడుతోంది.

అయినా,
గంజి వార్చేటప్పుడు ఆవిరికి లోకం మాయం కాకుండా,
వానలో ఆటో నంబరు చదువుకుంటూ,
తెల్లారగానే దిండు కింద తడుముకోకుండా
ఫ్యాను రెక్కలు మూడేనా అని ఒక్కసారి చూడాలని ఉంది.
పెద్ద కోరికలైతే ఎప్పుడో చచ్చేవి.
ఇవి చిన్నవి, వదలవు.

ఖర్చు రాసిచ్చిన అట్ట ఉంది నా దగ్గర.
మందంగా ఉంది, దారం చుట్టడానికి బాగుంది.
మిరపపండు రంగు ఒక వరస,
నెమలికంఠం ఒక వరస,
అంకెల మీదుగా చుట్టుకుంటూ వచ్చాను.
ఈ మధ్యాహ్నం బూడిద రంగు చుట్టబోయి
ఆగాను.
అడుగున ఫోన్ నంబరుంది.
అద్దాలు తీసి చూశాను.
ప్రతి అంకే స్పష్టంగా కనబడింది.